గేటు తెరవక ముందే మొదలయ్యే కచేరీ: జనం మనసు తెలుసుకుని భద్రంగా నడిపేందుకు మార్గదర్శి

1979 డిసెంబరు 3, అమెరికాలోని సిన్సినాటి నగరం. రివర్‌ఫ్రంట్ కొలీజియం తలుపుల ముందు వేల మంది చలిలో గంటల తరబడి నిలబడి ఉన్నారు. చాలా టికెట్ల మీద సీటు నంబరు లేదు. ముందు లోపలికి వెళ్లినవారికి ముందు చోటు. తెరిచిన తలుపులు కొన్నే. అంతలో లోపలి నుంచి సంగీతం వినిపించింది. ‘ది హూ’ బృందం కచేరీ మొదలుపెట్టేసిందని బయటివాళ్లు అనుకున్నారు. వెనకున్నవారు తలా ఒక అడుగు ముందుకు వేశారు. పదకొండు మంది ఊపిరాడక చనిపోయారు. లోపల కచేరీ చివరిదాకా సాగింది. బయట ఏం జరిగిందో బృందానికి ఆ తర్వాతే చెప్పారు.

2025 జనవరి 8, తిరుపతి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జనం పొద్దుటి నుంచి వేచి ఉన్నారు. బైరాగిపట్టెడ దగ్గర అస్వస్థతకు గురైన ఒకరి కోసం గేటు తెరిచారని వార్తల్లో వచ్చింది. టోకెన్లు ఇవ్వడం మొదలైందని జనం అనుకున్నారు. ఆ రాత్రి తిరుపతిలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

ఒకటి రాక్ కచేరీ, ఒకటి స్వామి దర్శనం. మధ్యలో నలభై అయిదేళ్లు. రెండు చోట్లా జనానికి పిచ్చి పట్టలేదు. చెవికి వినిపించినదాన్ని, కంటికి కనిపించినదాన్ని బట్టి ఎవరైనా వేసే అడుగే వేశారు. అది నిజం కాదని చెప్పే గొంతు అక్కడ లేదు. నేను చాలా ఏళ్లుగా సంగీత కార్యక్రమాల నిర్వహణలో చేయి వేస్తున్నాను. జనానికి ఏ క్షణంలో ఏమి తెలుస్తోంది అన్నదాని మీదే వారి ప్రాణం ఆధారపడి ఉంటుందని నాకు గట్టిగా అర్థమైంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. కళాశాల ఉత్సవం చేసే విద్యార్థి సంఘానికి, ఊళ్లో సంగీత విభావరి పెట్టే కమిటీకి, సినిమా పాటల వేడుక నడిపేవారికి, విదేశాల్లో వార్షికోత్సవాలు జరిపే తెలుగు సంఘాలకు ఇది పనికొస్తుంది. చివర్లో ప్రేక్షకుల కోసం కూడా కొన్ని మాటలున్నాయి.

ముందుగా ఒక మాటను పక్కన పెట్టండి

ఇలాంటి ప్రతి దుర్ఘటనకూ మనం ‘తొక్కిసలాట’ అని పేరు పెడతాం. ఆ మాట వినగానే ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తే జనం కళ్ల ముందు మెదులుతారు. అసలు జరిగేది చాలాసార్లు దానికి పూర్తిగా వేరు. పరుగెత్తడానికి అక్కడ చోటే ఉండదు. నాలుగు వైపుల నుంచి ఒత్తిడి పెరిగి ఛాతీ విచ్చుకోలేకపోతుంది. ఊపిరి లోపలికి పోదు. కొన్ని నిమిషాల్లోనే, చాలామంది నిలబడిన చోటే, స్పృహ తప్పుతారు. పడిపోవడానికి కూడా సందు దొరకదు.

మాట తప్పయితే దాని వెంట వచ్చే ఆలోచన కూడా తప్పే అవుతుంది. ‘తొక్కిసలాట’ అన్నప్పుడు నేరం జనం మీదికి పోతుంది. గుంపులో చేరిన మనిషి బుద్ధి కోల్పోతాడని గుస్తావ్ ల బాన్ అనే ఫ్రెంచి రచయిత 1895లోనే రాశాడు. ఆ నమ్మకం ఇప్పటికీ నిర్వాహకుల మనసుల్లో ఉంది. అందుకే ‘విషయం చెబితే జనం కంగారు పడతారు’ అని దాచిపెడతారు. నా అనుభవంలో ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి లేదు.

సిన్సినాటి ఘటనలో పోలీసులు నమోదు చేసిన సాక్షుల మాటలను నారిస్ జాన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త పరిశీలించి 1987లో ఫలితాలు ప్రచురించారు. ఆ నలుగుడులో కూడా జనం చేతనైనంతవరకు పక్కవారిని లేపడానికి, పట్టుకోవడానికి ప్రయత్నించారని ఆయనకు తేలింది. బ్రిటన్‌లో సస్సెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక మనస్తత్వవేత్త జాన్ డ్రూరీ ఈ విషయం మీద ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నారు. 2002 జులైలో బ్రైటన్ సముద్ర తీరాన జరిగిన డీజే ఫ్యాట్‌బాయ్ స్లిమ్ కార్యక్రమానికి అరవై వేల మంది వస్తారనుకుంటే సుమారు రెండున్నర లక్షల మంది వచ్చారు. అయినా పెద్ద విపత్తు తప్పింది. అక్కడున్నవారిని డ్రూరీ బృందం తర్వాత ప్రశ్నించింది. ‘మేమంతా ఒకటే’ అన్న భావన ఎక్కువగా ఉన్నవారు అవసరమైతే పక్కవారు సాయం చేస్తారని నమ్మారు. తాము క్షేమంగా ఉన్నామనీ అనుకున్నారు.

అంటే జనం మీకు శత్రువు కాదు. మీ దగ్గరున్న అతిపెద్ద రక్షణ దళం వారే. కాకపోతే వారికి కళ్లు, చెవులు మీరు సమకూర్చాలి.

మొదటి అడుగు: మైదానాన్ని టేపు పెట్టి కొలవండి

‘పదివేల మంది పడతారు’ అని ఎవరో నోటితో చెప్పిన లెక్క వద్దు. మైదానం 60 మీటర్లు పొడవు, 50 మీటర్లు వెడల్పు అనుకోండి. మొత్తం 3000 చదరపు మీటర్లు. వేదిక, సౌండ్ టెంటు, ఎల్‌ఈడీ తెరలు, నడిచే దారులు, అంబులెన్స్ దారి, తిండి దుకాణాలు, వేదిక కనిపించని మూలలు తీసేయండి. రెండు వేలు మిగిలితే ఎక్కువ. నిలబడి చూసే కార్యక్రమానికి నేను సగటున చదరపు మీటరుకు ఇద్దరికి మించి లెక్క వేయను. ముందు భాగం తనంతట తానే ఒత్తుగా నిండుతుంది కనుక సగటు తక్కువగా ఉండాలి. అంటే నాలుగు వేల మంది. అంతకు మించి ఒక్క టికెట్ గానీ, ఒక్క పాసు గానీ ముద్రించకూడదు. సిబ్బంది, కళాకారుల బంధువులు, స్థానిక పెద్దల మనుషులు కూడా ఈ లెక్కలోనే ఉంటారు.

తర్వాత ద్వారాలు. బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకు వాడే మార్గదర్శకాల ప్రకారం చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది దాటగలరు. ఎనిమిది నిమిషాల్లో జనం బయటపడగలగాలి. నాలుగు వేల మందికి ఆరు మీటర్లకు పైగా వెడల్పు కావాలన్నమాట. రెండు మీటర్ల గేట్లు నాలుగు ఉంటే, అందులో ఏదో ఒకటి మూసుకుపోయినా లెక్క దాదాపు సరిపోతుంది. ఒక గేటు మూసుకుపోతుందనే ఎప్పుడూ అనుకోండి. అక్కడ ఎవరో కారు ఆపుతారు, లేదా తాళం చెవి ఉన్న మనిషి టీ తాగడానికి వెళ్తాడు.

ఇక్కడ ఒక చిన్న శిక్షణ ఉంది. వాలంటీర్లందరికీ ఇది తప్పకుండా చేయించండి. నేల మీద సున్నంతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చదరం గీయండి. అందులో ముందు ఇద్దరిని నిలబెట్టండి. చేతులు చాపుకోవచ్చు. నలుగురు నిలబడితే భుజాలు తగులుతాయి, అయినా తిరగవచ్చు. అయిదో మనిషి, ఆరో మనిషి రాగానే చదరంలో ఉన్నవారి నవ్వు ఆగిపోతుంది. చేతులు ఛాతీకి అంటుకుంటాయి, పక్కవారి ఊపిరి మెడకు తగులుతుంది. ఏడుగురు ఇరుక్కున్నాక బయట ఉన్నవారిలో ఒకరిని మెల్లగా భుజం నొక్కమనండి. ఏడుగురూ ఒక్కటిగా కదులుతారు. అమెరికన్ ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ కూడా ఇదే చెప్పారు: చదరపు మీటరుకు దాదాపు ఏడుగురు చేరిన తర్వాత జనం విడివిడి మనుషుల్లా కాక నీటిలా ప్రవహిస్తారు. ఆ చదరంలో ఒకసారి నిలబడిన వాలంటీరుకు ఆ రాత్రి దూరం నుంచి చూసినా సాంద్రత తెలుస్తుంది. పది పేజీల సూచనల కాగితం కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది.

రెండో అడుగు: ముందు చోటు కోసం పందెం పెట్టకండి

‘ముందు వచ్చినవారికి ముందు చోటు’ అన్నది వినడానికి న్యాయంగా ఉంటుంది. నిజానికి అది తోసుకున్నవారికి ఇచ్చే బహుమతి. సిన్సినాటి నగరం ఆ ఘటన తర్వాత సీటు కేటాయించని టికెట్ల పద్ధతిని నిషేధించింది. ఆ నిషేధం 2004 దాకా కొనసాగింది.

వీలైతే కుర్చీలు వేసి నంబర్లు ఇవ్వండి. నిలబడి చూసేదే అయితే మైదానాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి ఒక్కో రంగు చేతిపట్టీ, ఒక్కో గేటు, ఒక్కో లెక్క పెట్టండి. రావలసిన వేళను కూడా విడదీయండి. నీలం పట్టీ వారికి అయిదు గంటలు, పసుపు పట్టీ వారికి అయిదున్నర. తన చోటు తన కోసం ఉందని తెలిసిన మనిషి తొందరపడడు.

ఉచిత పాసుల గురించి గట్టిగా చెప్పాలి. మన దగ్గర ప్రమాదానికి సగం బీజం అక్కడే పడుతుంది. ‘ఎలాగూ సగం మంది రారు’ అనుకుని మైదానానికి రెండింతల పాసులు పంచుతారు. రానున్నది పెద్ద తార అయితే అందరూ వస్తారు. పాసు చేతిలో ఉండి కూడా బయట నిలబడాల్సి వచ్చినవారికి తమను మోసం చేశారన్న కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనది. అందుకే ఎవరు చెప్పినా చల్లారదు.

మూడో అడుగు: గేటు

ఎక్కువ సమయం, ఎక్కువ మనుషులు, ఎక్కువ ఆలోచన ఇక్కడ ఖర్చు పెట్టండి.

మొదట వేగం కొలవాలి. ఒక వరుసలో టికెట్ స్కాన్ చేసి, సంచి చూసి పంపడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. నిమిషానికి అయిదుగురు వెళ్తే గంటకు మూడు వందలు. నాలుగు వేల మంది గంటన్నరలో లోపలికి వెళ్లాలంటే తొమ్మిది వరుసలు కావాలి. మూడే వరుసలు పెట్టి ‘జనం క్రమశిక్షణ లేనివారు’ అనడం తగదు.

తర్వాత నిరీక్షణ. అమెరికాలో నిర్వహణ శాస్త్రం బోధించిన డేవిడ్ మైస్టర్ 1985లోనే దీన్ని చక్కగా విడమరిచారు. ఎంతసేపో తెలియని నిరీక్షణ, కారణం చెప్పని నిరీక్షణ, అన్యాయంగా కనిపించే నిరీక్షణ అసలు కంటే చాలా పొడవుగా అనిపిస్తాయి. మన గేట్ల దగ్గర ఈ మూడూ ఒకేసారి ఉంటాయి. ఎప్పుడు తెరుస్తారో తెలియదు, ఎందుకు ఆగిందో చెప్పరు, ఈలోగా నల్ల అద్దాల కారు వస్తే తాడు పైకెత్తి పంపుతారు. ఆ క్షణంలో వరుస మీద గౌరవం పోతుంది. ప్రముఖులు రావాలంటే జనానికి కనిపించని వేరే దారి ఏర్పాటు చేయండి.

కొన్నేళ్ల కిందట ఒక కోస్తా పట్టణంలో, కళాశాల మైదానంలో జరిగిన సంగీత విభావరికి నేను గేటు దగ్గర నిలబడ్డాను. సరుగుడు కర్రలతో కట్టిన దడి. గేటు తెరవడానికి ఇంకా అరగంట ఉంది. లోపల ఎవరో డ్రమ్ము పరీక్షించారు. నాలుగు దెబ్బలంతే. ‘మొదలైపోయింది’ అని వెనక నుంచి ఒక గొంతు. సరుగుడు కర్ర కిర్రుమంది. ముందు నిలబడిన ఒక తల్లి చంటిబిడ్డను భుజం మీదికి ఎత్తుకుంది. నా పక్కనున్న డిగ్రీ కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి చేతి మైకు తీసుకున్నాడు. ‘ఇది డ్రమ్ము పరీక్ష మాత్రమే. గాయకులు ఇంకా హోటల్ నుంచి బయలుదేరలేదు. కచేరీ ఏడున్నరకు. లోపల అందరికీ చోటుంది, నేను ఇప్పుడే చూసి వచ్చాను’ అన్నాడు. అంతే. కర్ర కిర్రుమనడం ఆగింది. వెనక ఎవరో గాయకుడి పేరు పట్టుకుని ఏదో అన్నారు, నవ్వులు వినిపించాయి. ఆ తల్లి బిడ్డను దించలేదు గానీ గేటుకేసి చూడటం మానేసింది.

ఆ అబ్బాయికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. కానీ చెప్పవలసిన నాలుగు సంగతులూ చెప్పాడు: మీరు విన్నది ఏమిటి, అసలు ఎప్పుడు మొదలు, తొందరపడకపోయినా మీకు నష్టం లేదు, ఇది నేను కళ్లారా చూసిన మాట. అప్పటి నుంచి ప్రతి గేటు దగ్గర ఎత్తైన పీట మీద మైకు పట్టుకున్న మనిషి ఒకరు ఉండాలని పట్టుబడతాను. ప్రతి పది నిమిషాలకు ఒకసారి, చెప్పడానికి కొత్త విషయం లేకపోయినా సరే, మాట్లాడాలి. సౌండ్ చెక్ గేటు ముందు జనం చేరకముందే ముగించాలి. ఏ కారణంతో గేటు తీసినా ముందు మైకులో చెప్పి, తర్వాత తీయాలి.

ఆపి విడతలుగా వదలడం ఎలాగో మనం తిరుమలలోనే నేర్చుకోవచ్చు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తులను కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెడతారు. పాలు, ప్రసాదాలు అందుతాయి. ఒక కంపార్ట్‌మెంటు కదిలిన తర్వాత మరొకటి కదులుతుంది. కూర్చున్న జనం తోసుకోరు. గేటు బయట యాభై మీటర్ల దూరంలోనే వంకర టింకర వరుసలు కట్టి, వందేసి మందిని విడతలుగా వదిలితే ఒత్తిడి గేటు దాకా రాదు.

నాలుగో అడుగు: వేదిక ముందు

ఇక్కడ మనస్తత్వం తిరగబడుతుంది. బయట కష్టంగా అనిపించిన ఇరుకు, లోపల ఆనందమవుతుంది. ఒకే పాటకు వేల గొంతులు కలిసినప్పుడు వచ్చే పులకింత కోసమే కదా మనం ఇంట్లో ఫోనులో వినకుండా ఇంత దూరం వస్తాం! ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబిన్ డన్‌బార్ బృందం చేసిన ప్రయోగాల్లో, లయ కలిపి నాట్యం చేసినవారు నొప్పిని ఎక్కువగా తట్టుకోగలిగారు, పక్కవారితో దగ్గరితనం పెరిగిందని చెప్పారు. మక్కాలో హజ్ యాత్రికుల మధ్య డ్రూరీ, అల్‌నబుల్సీ చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. జనంతో మమేకమైనవారికి ఒత్తు పెరిగినకొద్దీ మరింత క్షేమంగా అనిపించిందని అందులో తేలింది.

నిర్వాహకులు దీన్ని రెండుసార్లు చదవాలి. ముందు వరుసల్లో ఉన్నవారు, అంటే అత్యంత ప్రమాదకరమైన చోట ఉన్నవారే, ఒత్తిడిని అందరికంటే ఆలస్యంగా గుర్తిస్తారు. వెనకున్నవారికి ముందేం జరుగుతోందో అసలు తెలియదు. వారికి కనిపించేది తలలు, వెలుగులు, కొంచెం సందు. ఆ సందులోకి ఒక అడుగు వేస్తారు. వంద మంది వేసిన చిన్న అడుగులు కలిసి ముందున్న కంచె మీద పెద్ద బరువుగా పడతాయి. అందుకే ‘జనం బాగానే ఉన్నారు, కేరింతలు కొడుతున్నారు’ అన్న మాటను నేను నమ్మను.

చూసే పని వేరే మనుషులకు అప్పగించండి. వేదికకు రెండు వైపులా ఎత్తులో, వీపు కళాకారుల వైపు తిప్పి, రాత్రంతా జనం ముఖాలే చూసేవారు కావాలి. అభిమానిని ఈ పనిలో పెట్టకండి. అతని తల వేదిక వైపు తిరిగిపోతుంది. వారు వెతకవలసిన గుర్తులు ఇవి. గాలికి వరిచేను ఊగినట్టు జనం ఒక్క పెట్టున పక్కకు ఊగడం. చప్పట్లు కొట్టడానికి పైకి లేవలేని చేతులు. గాలి కోసం పైకెత్తిన గడ్డాలు. వేదికకు వీపు తిప్పి వెనక్కి రావాలని చూసేవారు. అన్నిటికంటే ముఖ్యం, అందరూ పాడుతుంటే పాడటం ఆగిన ముఖాలు. ఆ ఊగడం ఎవరి అల్లరీ కాకపోవచ్చు. స్పెయిన్‌లోని పాంప్లోనా ఉత్సవ జనాన్ని చిత్రీకరించి ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్తలు 2025లో ఒక సంగతి చూపించారు. ఒక హద్దు దాటిన ఒత్తులో ఎవరూ తోయకపోయినా వందల మంది ఒక్కటిగా గుండ్రంగా కదులుతారు. ఒక్కో చుట్టుకు సుమారు 18 సెకన్లు.

కంచెలు జనాన్ని ఆపడానికే కాదు, ఒత్తిడిని విడగొట్టడానికి కూడా. వేదిక ముందున్న కంచె, దాని వెనక కొంత దూరంలో మరొకటి. రెంటి మధ్య పరిమిత సంఖ్య. పక్కలకు బయటపడే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. మూడు వైపులా మూసి ఒక్క వైపే తెరిచిన గడి ఎక్కడా కట్టకండి. డెన్మార్క్‌లోని రోస్‌కిల్డే ఉత్సవంలో 2000 జూన్ 30న పర్ల్ జామ్ బృందం పాడుతుండగా బురదలో జారి, ఒత్తిడికి తొమ్మిది మంది యువకులు ప్రాణాలు కోల్పోయారు. గాయకుడు పాట ఆపి, లెక్క పెడుతూ మూడు అడుగులు వెనక్కి వేయమని జనాన్ని అడిగాడు. జనం విన్నారు. అప్పటికే ఆలస్యమైంది.

అయిదో అడుగు: ఆపే అధికారం ఎవరిదో ముందే రాయండి

2021 నవంబరు 5న అమెరికాలోని హ్యూస్టన్‌లో ర్యాప్ గాయకుడు ట్రావిస్ స్కాట్ ఆస్ట్రోవరల్డ్ కచేరీకి దాదాపు యాభై వేల మంది వచ్చారు. వేదిక మీద గడియారం సమయం తగ్గిస్తూ ఉత్కంఠ పెంచింది. తొమ్మిది దాటాక కచేరీ మొదలైంది. భారీ ప్రాణాపాయ పరిస్థితి అని అధికారులు 9.38కి ప్రకటించారు. కచేరీ ఆ తర్వాత కూడా అరగంటకు పైగా సాగింది. మొత్తం పది మంది మరణించారు. వారిలో చిన్నవాడి వయసు తొమ్మిదేళ్లు.

ఆ అరగంట మీ దగ్గర రాకూడదంటే, ఒక్క కాగితం మీద మూడు పేర్లు రాసి అందరి సంతకాలు తీసుకోండి. ఆపమని చెప్పే అధికారం ఎవరిది, ఆ మాటను సౌండ్ ఇంజనీరుకు ఎవరు చేరవేస్తారు, కళాకారుల చెవిలో ఎవరు చెబుతారు. ఆ అధికారం ఉన్న మనిషికి టికెట్ అమ్మకాలతో, కళాకారుల పారితోషికంతో ఏ సంబంధమూ ఉండకూడదు. కళాకారులతో ఆ సాయంత్రమే పది నిమిషాలు కూర్చుని గుర్తు ఒకటి ఖాయం చేసుకోండి. పాట మధ్యలో ఆపడం అవమానమని వారిలో కొందరు అనుకుంటారు. 2022 ఫిబ్రవరిలో అట్లాంటాలో బిల్లీ ఐలిష్ తన కచేరీ ఆపి, ఊపిరి అందని ఒక అభిమానికి ఇన్‌హేలర్ అందేదాకా ఆగింది. ఆమె గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

ఆపినప్పుడు ముందు సంగీతం ఆగాలి. తర్వాత జనం మీద తెల్లని వెలుగు పడాలి. ఆ తర్వాత మాట. జనం ఎక్కువగా ప్రేమించే గొంతు, అంటే గాయకుడి గొంతే అయితే మంచిది. మేం రాసి పెట్టుకున్న ప్రకటన ఇది:

‘ముందు వరుసల్లో కొందరికి ఊపిరి అందడం లేదు. మనమంతా కలిసి వారికి చోటిద్దాం. అన్నిటికంటే వెనకున్నవారు, మీరే మొదలుపెట్టాలి. మూడు అడుగులు వెనక్కి. ఇప్పుడు మధ్యలో ఉన్నవారు మూడు అడుగులు. ముందున్నవారు కదలకండి, మీ వంతు వస్తుంది. పడిపోయినవారు కనిపిస్తే చేతులు పైకెత్తి చూపించండి. చోటు కాగానే ఇదే పాట ఇక్కడి నుంచే మొదలవుతుంది.’

‘దయచేసి ఎవరూ భయపడవద్దు’ అన్న మాట ఇందులో లేదని గమనించే ఉంటారు. భయపడవద్దు అనగానే భయపడవలసినది ఏదో ఉందని తెలుస్తుంది గానీ ఏం చేయాలో తెలియదు. ‘ముందున్నవారు వెనక్కి జరగండి’ అన్నది కూడా పనికిరాదు. వారి వెనక చోటు లేదు. కదలిక వెనక నుంచే మొదలవ్వాలి. ‘మనం’ అన్న మాట మాత్రం వదలకండి.

బౌన్సర్ల గురించి ఒక మాట. కండలు చూసి తీసుకోకండి. ఒకరిని కాలరు పట్టి లాగితే చుట్టూ ఉన్న యాభై మంది మీకు ఎదురు తిరుగుతారు. అప్పటిదాకా విడివిడిగా ఉన్నవారు ఆ క్షణంలో ఒక్కటవుతారు, మీకు వ్యతిరేకంగా. అమెరికాలో వాడుకలో ఉన్న అగ్నిమాపక భద్రతా నియమావళి ప్రకారం ప్రతి 250 మందికి శిక్షణ పొందిన జన నిర్వాహకుడు ఒకరు ఉండాలి. అక్కడ వేడుకలు చేసే తెలుగు సంఘాలవారికి ఈ లెక్క బాగా అలవాటే. ఇక్కడ మనం స్వచ్ఛందంగానైనా దాన్ని పాటించవచ్చు.

ఆరో అడుగు: వాన, ఎండ, నీళ్లు

వాతావరణం మారితే జనం కదలిక మొత్తం మారుతుంది. 2023 నవంబరు 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో ఆరుబయట సభాస్థలి దగ్గర వాన మొదలవగానే బయటివారు ఒక్కసారిగా లోపలికి రావడానికి ప్రయత్నించారు. మెట్లు దిగే ఆ దారిలో నలుగురు మరణించారు. వాన వస్తే బయటివారు ఎక్కడ తలదాచుకోవాలో ముందే నిర్ణయించి గేటు దగ్గర రాసి పెట్టండి. నీటి సీసాలు లోపలికి రానివ్వకపోతే లోపల ఉచితంగా నీళ్లు ఇవ్వాలి. 2023 నవంబరులో రియో డి జనీరోలో టేలర్ స్విఫ్ట్ కచేరీ రాత్రి విపరీతమైన వేడికి ఒక యువతి చనిపోయిన తర్వాత అక్కడ ఇది పెద్ద చర్చ అయింది. విజయవాడ ఏప్రిల్ సాయంత్రాలు అంతకు తక్కువేమీ కావు. అంబులెన్సు వెలుపలి రోడ్డు మీద కాదు, వేదిక పక్కనే ఉండాలి.

ఏడో అడుగు: పంపడం

మనుషులు ఏ దారిన వచ్చారో ఆ దారికే తిరిగి వెళ్తారు. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్ క్లబ్బులో బాణసంచా వల్ల మంటలు లేచినప్పుడు, వేరే ద్వారాలున్నా ఎక్కువమంది తాము వచ్చిన ముఖద్వారం వైపే వెళ్లి ఇరుకైన నడవలో చిక్కుకున్నారు. వంద మంది చనిపోయారు. కాబట్టి మొదటి పాటకు ముందే మిగతా దారులు చూపించాలి. ‘మీ కుడి చేతి వైపు పచ్చ దీపం కనిపిస్తోందా? అందరూ ఒకసారి అటు చేయి చూపండి’ అని గాయకుడి చేత ఆటలా చెప్పించండి. చేత్తో చూపిన దారి కాలికి గుర్తుంటుంది.

అనుభవాన్ని మనసు ఎలా దాచుకుంటుందో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ చూపించారు. అత్యంత గాఢమైన క్షణం, ముగింపు, ఈ రెండే ఎక్కువగా మిగులుతాయి. మూడు గంటల పాటలు విని, రెండు గంటలు పార్కింగులో ఇరుక్కున్నవారికి చివరికి గుర్తుండేది పార్కింగే. 2023 సెప్టెంబరు 10న చెన్నైలో జరిగిన ఎ.ఆర్. రెహమాన్ కచేరీకి టికెట్ కొని కూడా లోపలికి వెళ్లలేకపోయినవారు ఎందరో. టికెట్ ప్రతులు పంపమని ఆయనే స్వయంగా కోరాల్సి వచ్చింది. ఆ రాత్రి ఏ పాటలు పాడారో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఆఖరి పాట అయిపోగానే వేదిక దీపాలు ఆర్పేయకండి. నెమ్మదైన సంగీతం ఇరవై నిమిషాలు నడవనివ్వండి. వెనక భాగాలను ముందు, ముందు భాగాలను తర్వాత పంపండి. ఏ గేటు బయట ఏ బస్సు ఉందో మైకులో చెబుతూ ఉండండి. కొందరు కూర్చుని మాట్లాడుకుంటారు, కూర్చోనివ్వండి.

మీరు ప్రేక్షకులైతే

చుట్టూ మీ చేతులు స్వేచ్ఛగా కదులుతున్నాయా అని పాటకొకసారి చూసుకోండి. ముఖం గోక్కోవడానికి చేయి పైకి రాకపోతే వెంటనే బయటికి నడవండి. ఇష్టమైన పాట అయ్యాక వెళ్దాం అనుకోకండి. ఒత్తిడిలో చిక్కితే రెండు చేతులూ బాక్సరులా ఛాతీ ముందు పెట్టి ఊపిరికి చోటు కాపాడుకోండి. పాదాల మీద నిలబడటమే మొదటి పని. జనం అలలా తోస్తే ఎదురు తోయవద్దు. అల తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకు, వెనక్కి జరగండి. గోడకు, కంచెకు దూరంగా ఉండండి. కేకలు వేసి ఊపిరి ఖర్చు చేయకండి. ఫోను, చెప్పు, సంచి కింద పడితే వంగకండి. పడిపోతే పక్కకు తిరిగి ముడుచుకుని, తలను చేతులతో కప్పుకోండి. ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవారు కలిసి ఒక్క ఊపున లేపండి. పిల్లలను భుజాల మీద ఎత్తుకుని వేదిక ముందుకు తీసుకెళ్లవద్దు. వెనక, పక్కన, దారికి దగ్గరగా నిలబడితే పాట అంతే బాగా వినిపిస్తుంది. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఇంటి దగ్గరే మాట్లాడుకోండి. జనంలో ఫోన్లు పని చేయవు. సాయం కావాలంటే 112 లేదా 108.

మర్నాడు ఉదయం

చెత్త ఊడ్చేవారి కంటే ముందు మైదానానికి వెళ్లండి. మైదానం పటం ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి తీసుకెళ్లండి. చెప్పులు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో చూడండి. సిన్సినాటిలో తలుపుల ముందు బూట్లు గుట్టగా మిగిలాయి. ఒంటరిగా పడి ఉన్న చెప్పు మామూలే. ఒకే చోట పది, పదిహేను ఉంటే అక్కడ పాదాలు నేల మీద నిలవలేదని అర్థం. వంగిన ఇనుప కంచె, పగిలిన సరుగుడు కర్ర, గడ్డి పూర్తిగా అరిగిన మూల, ఇవన్నీ పటం మీద గుర్తు పెట్టండి. గేటు దగ్గర ఎన్ని గంటలకు వరుస ఆగిందో, ఎందుకు ఆగిందో మైకు పట్టుకున్న మనిషిని అడిగి పక్కన రాయండి. ఆ పటాన్ని వచ్చే ఏడాది కమిటీ చేతికి టికెట్లు అచ్చు వేయకముందే ఇవ్వండి.